నొప్పిని చదవడం – 3వ పాఠం: పొద్దున్నే కీళ్లు పట్టేస్తే

గత పాఠంలో నొప్పి ఏ కీలులో ఉందో వేలు పెట్టి చూపడం సాధన చేశాం. ఈసారి గడియారం చూడటం నేర్చుకుందాం.

డాక్టరు ఎదుట కూర్చోగానే మనం నొప్పి ఎంత తీవ్రంగా ఉందో చెబుతాం. ఆయన మాత్రం "పొద్దున లేచాక ఎంతసేపు పట్టేసి ఉంటాయి?" అని అడుగుతారు. "కాసేపు ఉంటాయండీ" అంటాం. ఆ జవాబుతో ఆయనకు పనేమీ జరగదు.

వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలలో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి దెబ్బతింటుంది. అలాంటి కీలు రాత్రంతా కదలక బిగుసుకుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, సాధారణంగా అరగంట కూడా పట్టదు. తర్వాత మెట్లెక్కి దిగి, పనంతా చేసేసరికి సాయంత్రానికి నొప్పి ముదురుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం తీరు వేరు. ఇందులో రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పొర మీదే దాడి చేస్తుంది, ఆ పొర వాచిపోతుంది. అందుకే పట్టేయడం గంటకు పైగా, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగుతుంది. కదిలేకొద్దీ కొంత హాయిగా ఉంటుంది.

ఇక కొలవడం. కళ్లు తెరిచిన వేళ ఒకటి రాయండి, చేతులు ఆ రోజుకు వీలైనంత వదులైన వేళ మరొకటి రాయండి. నొప్పి పూర్తిగా పోయిన వేళ కోసం చూడకండి, అది అసలు రాకపోవచ్చు. "వదులైంది" అని తేల్చుకోవడానికి రోజూ చేసే ఒకే పనిని ఎంచుకోండి: గుండీలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం, కుళాయి తిప్పడం, ఏదైనా సరే. ఒక నమూనా చూడండి: "5.40కి లేచాను. పిడికిలి మూతపడలేదు. 6.10కి టీ గ్లాసు పట్టుకోగలిగాను. గుండీలు పెట్టుకునేసరికి 7.15." టీ గ్లాసు చూసి అరగంటే అనుకోవద్దు. లెక్క గుండీలది, అంటే 95 నిమిషాలు.

ఇప్పుడు చేతులు రెండూ వెలుతురులో పెట్టి చూడండి. గోరుకు దగ్గరి కీలు మీద గట్టిగా, ఎముకలా తగిలే బొడిపె ఉంటే అది సాధారణంగా అరుగుదలకు గుర్తు. రుమటాయిడ్ ఆ కీలును చాలావరకు వదిలేసి, పిడికిలి మెటికలనూ వేళ్ల నడిమి కీళ్లనూ పట్టుకుంటుంది, అదీ తరచుగా రెండు చేతుల్లో. వాపు మెత్తగా ఉంటుంది. ఎవరైనా కరచాలనం చేస్తూ మెటికల వరసను పక్కల నుంచి నొక్కితే ప్రాణం లేచివస్తుంది.

డాక్టరు చెప్పకముందే ల్యాబ్‌కు పరిగెత్తి, రుమటాయిడ్ ఉందేమోనని చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష చేయించుకుని బెంబేలెత్తేవాళ్లున్నారు. నాకైతే ఆ తొందర నచ్చదు. జబ్బు లేనివాళ్లలోనూ అది పాజిటివ్ రావచ్చు, ఉన్నవాళ్లలో నెగటివ్ రావచ్చు. ముందు మీ కాగితం, తర్వాత రక్తం.

నడుముకూ ఈ గడియారమే. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న మనిషికి మూడు నెలలకు పైగా నడుము నొప్పి, తెల్లవారుజామున మెలకువ తెప్పించడం, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గడం ఉంటే, అది బరువులెత్తినందుకు వచ్చిన పట్టు కాకపోవచ్చు. వెన్నెముక కీళ్లు వాచే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది. అలాంటివారికి "బెడ్ రెస్ట్ తీసుకో" అన్న సలహా చెరుపు చేస్తుంది.

రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లలో స్ఫటికాలుగా పేరుకునే గౌట్‌కు ఇంత లెక్క అక్కర్లేదు. చాలామందికి అర్ధరాత్రి ఉన్నట్టుండి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు అవుతుంది. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు, అందుకే తగ్గాక మళ్లీ చూస్తారు.

ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే తప్పక రాయండి. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా కుదిపేసినప్పుడు జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా పొద్దున్నే లేవలేకపోయినవారు ఎందరో. అది అచ్చం రుమటాయిడ్‌లాగే కనిపించగలదు.

ఒకే కీలు వేడిగా, ఎర్రగా వాచి, ఒంట్లో జ్వరం కూడా ఉంటే ఈ పాఠం పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

సాధన: వారం రోజులు రెండు వేళలూ రాయండి. వేడినీళ్ల స్నానం, నొప్పి మాత్ర ఆ లెక్కను మార్చేస్తాయి కాబట్టి అవి ఏ వేళకో పక్కన వేయండి. పట్టేయడం రోజూ అరగంట దాటి, వాపు కూడా ఉంటే వారం నిండేదాకా ఆగకుండా ఆ కాగితంతో రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి. రుమటాయిడ్‌లో మందులు తొలి నెలల్లోనే మొదలుపెడితే కీళ్లు వంకర పోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ.