కాంపౌండింగ్ చేయగానే అల్ట్రాసౌండ్ చిత్రం చెదిరిపోతుంటే

సమస్య: యూఎస్‌టీబీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో సొంత డేటాకు బీమ్‌ఫార్మింగ్ (ప్రోబ్ అందుకున్న ప్రతిధ్వనులను చిత్రంగా మార్చడం) చేస్తే సున్నా డిగ్రీల ప్లేన్ వేవ్ చిత్రం, అంటే వాల్చకుండా నేరుగా పంపిన చదునైన తరంగపు చిత్రం, స్పష్టంగానే వస్తుంది. కానీ అన్ని కోణాల చిత్రాలనూ కలపగానే (ఇదే కాంపౌండింగ్), మెరుగుపడవలసిన చిత్రం మసకబారి ఒక్కో చుక్క నిలువునా సాగిపోతుంది.

ముందుగా చూడవలసింది: నెల్లూరు, ఒంగోలు కళాశాలల ప్రాజెక్టు విద్యార్థులు ఈ సమస్యతో వచ్చినప్పుడల్లా, పిక్మస్ డేటాతో నడిపి చూశారా అని అడుగుతాను. 2016 నాటి పోటీ కోసం విడుదలైన ఆ ఉచిత డేటాలో 75 ప్లేన్ వేవ్‌లున్నాయి. దానితో చిత్రం బాగా వస్తే లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదని తేలిపోతుంది. ఈ చిన్న పని వదిలేసి, దాదాపు అందరూ ధ్వని వేగాన్ని మారుస్తూ కూర్చుంటారు. కణజాలానికి వాడే సెకనుకు 1540 మీటర్ల వేగం, పరీక్షకు వాడే తొట్టిలోని నీటికి సరిపోదన్నది నిజమే. 30 డిగ్రీల నీటిలో అది సుమారు 1509. అయితే వేగం తప్పితే సున్నా డిగ్రీల చిత్రమూ చెడాలి కదా.

అసలు కారణం: వాలుగా పంపే ప్లేన్ వేవ్‌లో ఎలిమెంట్లన్నీ (ప్రోబ్‌లో వరుసగా ఉండే చిన్న ధ్వని పలకలు) ఒకేసారి ధ్వనిని విడుదల చేయవు, ఒక అంచున మొదలై రెండో అంచుకు చేరతాయి. కొన్ని యంత్రాలు మొదటి ఎలిమెంట్ పనిచేసిన క్షణాన్ని కాలానికి సున్నాగా తీసుకుంటాయి, యూఎస్‌టీబీ మాత్రం తరంగం ప్రోబ్ నడిమధ్యను దాటిన క్షణాన్ని తీసుకుంటుంది. 38 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్రోబ్‌తో తరంగాన్ని 16 డిగ్రీలకు వాల్చితే ఈ తేడా 3.4 మైక్రోసెకన్లు, అంటే లోతులో రెండున్నర మిల్లీమీటర్లకు పైగా. 5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటర్లే కాబట్టి, కోణాలు ఒకదానినొకటి బలపరచడానికి బదులు చెరిపేసుకుంటాయి. సున్నా డిగ్రీల వద్ద తేడా ఉండదు గనుక ఈ లోపం ఎవరి కంటా పడదు.

నిర్ధారణకు, కొత్తపట్నం జాలర్లు వాడే సన్నని నైలాన్ దారాన్ని తొట్టి నీటిలో ప్రోబ్ మధ్యకు సూటిగా కింద కట్టి, కోణాలను కలపకుండా విడివిడిగా చూడండి. వాలు పెరిగేకొద్దీ, అది కుడికైనా ఎడమకైనా, దారం ఒకేలా కిందికి దిగుతుంటే కారణం ఇదే.

పరిష్కారం: ప్రతి కోణానికీ ప్రోబ్ సగం వెడల్పును ఆ కోణపు సైన్‌తో (కోణం కుడికైనా ఎడమకైనా ధనాత్మకంగానే తీసుకుని) గుణించి, ధ్వని వేగంతో భాగించి, వచ్చిన విలువను రుణాత్మకంగా ఆ కోణపు తరంగానికి ఉండే డిలే (delay) అమరికలో ఇవ్వాలి. గుర్తు మారితే లోపం రెట్టింపవుతుంది. దారం అన్ని కోణాల్లోనూ ఒకే లోతున నిలిచాకే కలపండి.

తక్కినవి అరుదు. మధ్యలో బాగుండి అంచుల్లోనే చెదిరితే కోణాల గుర్తులు తారుమారై ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) మెమరీ చాలకపోతే పని ఆగిపోతుందే గాని చిత్రం మసకబారదు.