బతుకమ్మ పూలు కాలనీలోనే

మీ కాలనీలో ఖాళీ జాగ ఉంటే ఓనర్‌ను ఒక మాట అడిగి ఆషాఢంలోనే బంతి నారు పోసేయండి, విత్తిన రెండు, రెండున్నర నెలలకు పూత వస్తుంది కాబట్టి బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి సరిగ్గా చేతికందుతుంది. విత్తనాలు కొననక్కర్లేదు. పోయిన దసరాకు గుమ్మానికి కట్టిన దండ ఎండి ఉంటే ఒక పువ్వు విప్పి చూడండి, సూదుల్లాంటి నల్ల గింజలుంటాయి, అవే చల్లడం (హైబ్రిడ్ పూలైతే మళ్ళీ అచ్చం అలాంటి పూలే రావు, ఆశ పెట్టుకోవద్దు).

మొక్క జానెడు ఎదిగాక కొస గిల్లేయాలి. మా మహబూబ్‌నగర్‌లో పక్కింటి అత్తమ్మ అయితే "పానం ఒప్పుతలేదు బిడ్డా" అని చేయి వెనక్కి తీసుకుంది కానీ, గిల్లితేనే పక్క కొమ్మలు పుట్టి పూలు ఎక్కువొస్తాయి. గునుగు మొలిస్తే కలుపనుకుని పీకొద్దు, బతుకమ్మకు అదే కదా అందం!

జాగ చాలకపోతే పాత పెయింట్ డబ్బాలు పిల్లలకిచ్చి ముగ్గులేయించండి, ఇంటికో డబ్బా, ఎవరి డబ్బాకు వాళ్ళే నీళ్ళు, వంతుల లొల్లి ఉండదు. అడుగున బొక్కలు మాత్రం పెట్టండి, మేం మర్చిపోయి మొదటి వానకే ఆరు మొక్కలు కుళ్ళబెట్టుకున్నాం.