గొంతు పూడుకుపోయినప్పుడు ఏం చేయాలి

నా ఫోన్‌లో ఒక సెల్ఫీ ఉంది. అందులో నా పక్కన నిలబడింది, ఇరవై ఏళ్లుగా నేను వింటున్న వయొలిన్ విద్వాంసుడు. ఆయన ఎటో చూస్తున్నారు, నా కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. ఆయన ఎదుట గడిపిన అర నిమిషంలో నాకు దక్కింది ఆ ఫొటో ఒక్కటే. ఆయన మాట ఎలా ఉంటుందో కూడా గుర్తులేదు. నేను కెమెరా తిప్పే హడావిడిలో ఉన్నాను మరి.

అంతకు గంట ముందే హాల్లో నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ సంగతి చెప్పాలనే స్టేజీ వెనక్కి వెళ్లాను. చెప్పలేదు.

ఇలాంటి పొరపాట్లు చాలా చేశాక, మనసును కదిలించేవాటి ముందు ఎలా మసలుకోవాలో కొద్దిగా పట్టుబడింది. నాలా వెర్రిమొహం వేసుకుని తిరిగొచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా, సిగ్గుపడటం మానేయండి. చిన్నప్పుడు నన్ను ఏడుపుగొట్టుదాన్నని ఆటపట్టించేవారు. నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాల (మనసు కదిలితే ఒంట్లో కనిపించే మార్పుల) జాబితా మొదటిసారి చదివినప్పుడు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారిపోవడం, చెమటలు పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీళ్లు, చివరికి సొమ్మసిల్లడం. ఎనిమిదిలో నాకు ఆరు వచ్చాయి. అది నటులకు చెప్పిన జాబితా అనుకోండి, అయినా మనుషుల్ని దగ్గర్నుంచి చూసినవాళ్లే రాయగలరు దాన్ని.

సంగీతానికి వెళ్తుంటే, వినబోయేది ముందే వినండి. కొత్తగా వింటేనే ఎక్కువ కదిలిపోతామని నేను అనుకునేదాన్ని. మాంట్రియల్ పరిశోధకులు 2011లో, మనుషులకు ఒళ్లు పులకరించేంత ఇష్టమైన సంగీతాన్నే వాళ్లకు వినిపించి మెదడును పరిశీలించారు. సుఖంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం రెండుసార్లు విడుదలైంది: ఒళ్లు పులకరించే ఘట్టం వచ్చే ముందు మెదడులో ఒక చోట, అది వచ్చినప్పుడు ఇంకో చోట. అంటే ఎదురుచూపులోనూ సగం సుఖం ఉంది. ఏం రాబోతోందో తెలియకపోతే ఎదురుచూసేది దేనికోసం? అందుకే కచేరీకి వారం ముందు నుంచి ఆ రాగాన్నే పనుల మధ్య పెట్టుకుని వింటాను. ఒళ్లు పులకరించడం అందరికీ రాదు కూడా. రానంత మాత్రాన మీకు సంగీతం పట్టలేదని కాదు.

బొమ్మల దగ్గర కావాల్సింది ఓపిక. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప చిత్రాల ముందు జనం ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కపెట్టి 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు. సగం మంది 17 సెకన్లలోపే కదిలిపోయారు, పక్కన రాసింది చదివే టైముతో కలిపి. లిఫ్ట్ కోసం కూడా అంతకన్నా ఎక్కువసేపే ఎదురుచూస్తాం.

నా పద్ధతి ఇది. గదులన్నీ ఒకసారి గబగబా చుట్టేస్తాను. కాలు ఆగిన చోటు గుర్తుపెట్టుకుని వెనక్కి వచ్చి, ఆ ఒక్క బొమ్మ ముందు పావుగంట కూర్చుంటాను. మొదటి రెండు నిమిషాలు విసుగ్గా ఉంటుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. తర్వాత కట్టాల్సిన బిల్లులు గుర్తొస్తాయి. రానివ్వండి, లేవకండి. ఒకసారి అలా ఒక పాత చిత్రం ముందు కూర్చున్నాను. బల్ల మీద గాజు గ్లాసు, కత్తి, సగం ఒలిచిన నిమ్మకాయ, అంతే. ఏడెనిమిది నిమిషాలకు కత్తి పిడి బల్ల అంచు దాటి నావైపు పొడుచుకొచ్చినట్టు కనిపించింది, చేయి చాపితే అందేలా. ఇంకాసేపటికి ఒక ఆలోచన తట్టింది. ఈ బొమ్మ పూర్తయ్యేలోపు ఆ నిమ్మకాయ ఎండిపోయి ఉంటుంది కదా! ఆ తడిని నిలబెట్టడానికి ఒక మనిషి ఎన్ని రోజులు కూర్చున్నాడో. అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్లు, నిమ్మకాయ కోసం! పక్కనున్న ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదనుకుంది.

పావుగంట అతి అనిపిస్తే చిత్రకారుడు వాన్ గో సంగతి వినండి. 1885లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ ఒక జంటను గీసిన చిత్రం ముందు ఆయన కూర్చుండిపోయాడు. ఎండు రొట్టెముక్క ఒక్కటి తింటూ రెండు వారాలు దీని ముందు కూర్చోనిస్తే నా ఆయుష్షులో పదేళ్లు ఇచ్చేస్తానన్నాడని వెంట వెళ్లిన మిత్రుడు తర్వాత చెప్పాడు.

ఫొటో తీయకుండా ఉండలేరా? అన్నీ చూశాక, చివర్లో తీయండి, అదీ ఒక చిన్న భాగాన్ని. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో, మ్యూజియంలో వస్తువుల్ని ఫొటో తీసినవాళ్లకు ఊరికే చూసినవాళ్లకన్నా తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు మాత్రం ఆ నష్టం కలగలేదు. నా సెల్ఫీకి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఖాళీ కడుపుతో, ఒకే రోజు అన్నీ చూసేయాలని మాత్రం వెళ్లకండి. 1817లో ఫ్లోరెన్స్‌లో ఒక చర్చి చూసి బయటికొస్తూ రచయిత స్టెంధాల్‌కు గుండె దడదడలాడి, పడిపోతానేమోనని భయమేసిందట. అదే ఊళ్లో ఒక మానసిక వైద్యురాలు, అలా తల్లడిల్లిపోయిన 106 మంది యాత్రికుల గురించి 1989లో పుస్తకమే రాసింది. కళ్లు తిరుగుతుంటే కూర్చుని నీళ్లు తాగండి. అది కళకు అవమానమేమీ కాదు.

వెంట వచ్చేవాళ్లతో ముందే ఒప్పందం చేసుకోండి. బయటికొచ్చిన అరగంట దాకా "ఎలా ఉంది?" అని అడగకూడదని మా ఆయనకు గట్టిగా చెప్పాను. అడిగితే "బాగుంది" అంటాను, అనగానే లోపలున్నది చప్పబడిపోతుంది. ఆ అరగంటా ఆయన పార్కింగ్ గురించి మాట్లాడతారు. అది పర్లేదు.

ఇంకొకటి. గొప్ప పనితనం చూసిన రాత్రి మనకూ ఏదో చేయాలనిపిస్తుంది. రెండు రోజులాగితే చల్లారిపోతుంది. అందుకే ఆ రాత్రే, మీ పనిలోనే, చిన్నది ఒకటి చేయండి. నేను ప్రూఫులు దిద్దే మనిషిని. ఒక కచేరీ నుంచి వచ్చి, బద్ధకంతో పైపైన చూసి వదిలేసిన ముప్పై పేజీలు మళ్లీ చదివాను. నాలుగు తప్పులు దొరికాయి.

ఇక అభిమానించే మనిషి ఎదురుపడితే. ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి. "నేను మీ వీరాభిమానిని" వద్దు, అది ఆయన లెక్కలేనన్నిసార్లు విన్నదే, దానికి నవ్వడం తప్ప ఏం చేయగలరు? ఏ చోట, ఏ స్వరం దగ్గర, మీకేమైందో చెప్పండి. మీ జీవితకథ వద్దు. చెప్పేసి పక్కకు తప్పుకోండి, వెనక వరుస ఉంటుంది. ఆయన ముభావంగా ఉంటే మనసు కష్టపెట్టుకోకండి. మూడు గంటలు వాయించిన మనిషికి ముందు కావాల్సింది కుర్చీ. మాట పెగలదనుకుంటే నాలుగు లైన్ల ఉత్తరం రాయండి, జవాబు ఆశించకుండా.

సెల్ఫీ జరిగిన మూడేళ్లకు అదే విద్వాంసుడి కచేరీకి మళ్లీ వెళ్లాను. ఈసారి ఫోన్ బ్యాగు అడుగున పడేసి, వరుసలో నిలబడి నా వాక్యం నాలుగుసార్లు వల్లెవేసుకున్నాను.

"ఆలాపనలో పైషడ్జం దగ్గర మీరు ఒక్క క్షణం ఆగారండీ. అక్కడ నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను."

ఆయన తల పైకెత్తి చూశారు, తర్వాత గట్టిగా నవ్వారు.

"అక్కడ నా వేలు జారిందమ్మా. సర్దుకోవడానికి ఆగాను."

కొంచెం బొంగురుగా ఉంటుంది ఆయన గొంతు.