రెవిట్ ప్లాన్‌లో గీసిన గోడ కనిపించకపోతే ఏం చేయాలి?

బిల్డింగ్‌లను త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో గోడ గీశారు, ప్లాన్‌లో మాత్రం కనిపించడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది అదే చోట మళ్లీ గీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి గోడ మోడల్‌లో ఉండే ఉంటుంది. దాని మీదే రెండోది పడితే ఇటుకల లెక్క రెట్టింపవుతుంది. ముందు త్రీడీ వ్యూ తెరిచి చూడండి. గోడ అక్కడ ఉందంటే, ప్లాన్‌లో దాన్ని ఏదో ఒక సెట్టింగ్ దాస్తోందన్నమాట.

మొదట వ్యూ అడుగున ఉన్న బల్బు గుర్తు నొక్కండి. వ్యూ చుట్టూ మెజెంటా రంగు గీత వస్తుంది, ఆ వ్యూలో దాచినవన్నీ బయటపడతాయి. మీ గోడ వాటిలో ఉంటే ఎంచుకుని అన్‌హైడ్ చేయండి. బల్బు నొక్కకముందే వ్యూ చుట్టూ లేత నీలం గీత ఉందా? అయితే ఎవరో తాత్కాలికంగా దాచారు. హెచ్, ఆర్ అక్షరాలు వరసగా నొక్కితే తిరిగి వచ్చేస్తుంది.

బల్బు వేసినా కనిపించకపోతే వ్యూ రేంజ్, అంటే ప్లాన్‌లో ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు కనిపించాలో చెప్పే సెట్టింగ్ చూడాలి. వి, ఆర్ నొక్కితే తెరుచుకుంటుంది. ఎక్కువ తికమక ఇక్కడే. మెట్రిక్ టెంప్లేట్‌లో కట్ ప్లేన్ సాధారణంగా 1200 మి.మీ. ఎత్తులో ఉంటుంది, అంటే ప్లాన్‌లో ఇంటిని ఆ ఎత్తులో అడ్డంగా కోసి చూస్తున్నట్టు. ఆ ఎత్తుకు పైన మొదలయ్యే గోడ ప్లాన్‌లో కనిపించదు. వెంటిలేటర్‌దీ ఇదే సమస్య. మన ఇళ్లలో బాత్రూమ్ వెంటిలేటర్ 1500 మి.మీ. పైన మొదలైతే ఆ కోతకు అందదు, ప్లాన్‌లో గోడ మూసుకుపోయినట్టే ఉంటుంది. అలాగని ఫ్లోర్ మొత్తానికి కట్ ప్లేన్ పెంచకండి, మెట్లు తెగే చోటు కూడా మారిపోతుంది. వ్యూ ట్యాబ్‌లో ప్లాన్ వ్యూస్ కింద ప్లాన్ రీజియన్ ఉంటుంది. దాంతో వెంటిలేటర్ చుట్టూ చిన్న పెట్టె గీసి, ఆ పెట్టె వరకే కట్ ప్లేన్ 1800 పెట్టండి.

ఇంకో విషయం. ఆరడుగుల కంటే తక్కువ ఎత్తున్న గోడను, కట్ ప్లేన్ తగిలినా, రెవిట్ కోసి చూపించదు. పిట్టగోడ, పొట్టి ప్రహరీ గోడ పైనుంచి చూసినట్టు సన్న గీతలతో రావడానికి కారణం ఇదే. అది మీ తప్పు కాదు.

తర్వాత ప్రాపర్టీస్‌లో రెండు చూడండి. డిసిప్లిన్, అంటే ఆ వ్యూ ఏ రకం పనికో చెప్పే సెట్టింగ్, స్ట్రక్చరల్‌లో ఉంటే బరువు మోయని గోడలు మాయమవుతాయి, ఆర్కిటెక్చరల్‌కు మార్చండి. ఫేజ్ ఫిల్టర్ కూడా గోడ వేసిన ఫేజ్‌ని, అంటే నిర్మాణ దశని, చూపించేలా ఉండాలి. ఇవి మార్చడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉంటే వ్యూ టెంప్లేట్ (వ్యూ సెట్టింగ్‌లన్నీ ఒకేసారి పెట్టే నమూనా) పట్టి ఉంచినట్టే, మార్పు ఆ టెంప్లేట్‌లోనే చేయాలి.

గీతలు వణికినట్టు, వంకరగా కనిపిస్తే సర్వే డ్రాయింగ్‌ని అనుమానించండి. సర్వేల్లో వాడే యూటీఎం అనే కోఆర్డినేట్ పద్ధతిలో మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్‌లో ఉంటుంది. అందులో దూరం భూమధ్యరేఖ నుంచి కొలుస్తారు కాబట్టి హైదరాబాద్ ప్లాట్ సుమారు 1,900 కి.మీ. ఉత్తరాన పడుతుంది. రెవిట్ మాత్రం తన ఇంటర్నల్ ఆరిజిన్ (మోడల్ లోపలి సున్నా బిందువు) నుంచి 16 కి.మీ. లోపు ఉన్నదాన్నే నమ్మకంగా గీయగలదు. అందుకే సర్వే డ్రాయింగ్ ఉన్న క్యాడ్ ఫైల్‌ని ఇంపోర్ట్ చేయకుండా లింక్ చేయండి, పొజిషనింగ్‌లో సెంటర్ టు సెంటర్ ఎంచుకోండి. దాన్ని జరిపి బిల్డింగ్‌తో సరిపెట్టాక మేనేజ్ ట్యాబ్‌లో అక్వైర్ కోఆర్డినేట్స్ వాడితే, మోడల్ కదలకుండానే అసలు సర్వే కొలతలు దక్కుతాయి.

చివరగా, ఇప్పటికే ఒకదాని మీద ఒకటి గీసి ఉంటే మేనేజ్ ట్యాబ్‌లోనే వార్నింగ్స్ తెరవండి. గోడలు ఒకదాని మీద ఒకటి పడ్డాయనే హెచ్చరికల్లో ఒక్కో జంటను విప్పి, తలుపులు, కిటికీలు ఉన్న గోడను ఉంచి రెండోది తీసేయండి. గోడ తీస్తే దానికున్న తలుపులు కూడా పోతాయి కాబట్టి ఇది నిదానంగా చేయాల్సిన పని. క్వాంటిటీలు ఆ తర్వాతే తీయండి.