శ్రావణం ముహూర్తాలకు ముందే మీ గరిట కొలిచి పెట్టుకోండి

తిరుపతిలో ఇల్లున్నోళ్లకు శ్రావణం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఏ ఊరి చుట్టాలైనా పెళ్లి కొండమీదో తిరుచానూరులోనో పెట్టుకుంటారు, దగ్గరే కదా అని మనం అన్నిటికీ పోతాం. త్రాసు ముందు పెట్టుకుని ఫోన్‌లో కేలరీలు రాసుకుంటూ బరువు తగ్గుతున్నవాళ్లకు ఈ నెలే గండం, ఎందుకంటే మన వంటింట్లో పడ్డ నూనె మనకు తెలుసు గానీ మంటపం వెనకాల మూకుడులో ఎంత పడిందో మనకేం తెలుసు?

పోయినేడాది మూడు వారాల్లో ఐదు పెళ్లిళ్లు తిన్నా. ప్రతి పూటా నిజాయితీగా రాశా, పొద్దున టిఫిన్‌కి ‘పొంగలి, ఒక కప్పు, 200’ అని. నెలాఖరుకి రెండు కిలోలు పెరిగా. ఒళ్లుమండి ఒక ఆదివారం అదే పొంగలి ఇంట్లో పెళ్లివారి తీరులో వండి తూకం వేశా. బియ్యం 100 గ్రాములు, పెసరపప్పు 50, రెండూ కలిపి 520 కేలరీలు. నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు, సుమారు 60 గ్రాములు, అదొక్కటే 540. బియ్యం, పప్పు కలిసినా నెయ్యిని దాటలేదు! ముగ్గురు తింటే మనిషికి 350, నేను రాసింది 200.

కాబట్టి మొదటి పని, ముహూర్తాలు మొదలవకముందే ఇంట్లో కన్నుకి అలవాటు చేయండి. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. మీ గరిటతో నిండుగా తీసి తూకం వేసి ఆ కుప్ప ఆకులో ఎంత ఉందో చూసుకోండి, మా గరిటకు 110 గ్రాములు వచ్చింది. పెళ్లిలో వడ్డించే గరిట ఇంకా పెద్దది, ఆ సంగతి మర్చిపోవద్దు. అన్నంలో తప్పు జరిగినా 50, 60 తేడా వస్తుంది, అంతే.

కొంప ముంచేది నూనె. గ్రాముకు 9 కేలరీలు, ఒక పెద్ద చెంచాకు 120. ఫోన్‌లో వంట పేరు కొడితే వచ్చే అంకె ఎవరింటి వంటదో తెలీదు, నాలుగు రకాలు చూపిస్తే పెద్దది తీసుకోండి. గుత్తి వంకాయలో నూనెతో పాటు చెనక్కాయలు, నువ్వులు, కొబ్బరి కూడా ఉంటాయి, కాయకూరే కదా అని వదిలేయొద్దు. రసం, మజ్జిగ గురించి టెన్షన్ అక్కర్లేదు.

వీలైతే వంటమేస్త్రిని అడగండి. నేను అడిగా, ఎన్ని డబ్బాలు పట్టిందని. ఆయన నవ్వి, ‘తెలిస్తే తినలేవు సామీ’ అన్నాడు, తర్వాత చెప్పాడు. 15 లీటర్ల డబ్బాలు రెండు, 500 ఆకులు. మనిషికి 60 మిల్లీలీటర్లు. మూకుడులో మిగిలింది తీసేసినా తలకు 400 కేలరీలు నూనెదే అనుకున్నా. అప్పట్నుంచి పెళ్లి భోజనానికి నేను వేసుకున్న లెక్క మీద ఇంకో 400 కలుపుతున్నా. మొరటు లెక్కే, కానీ రెండు కిలోలు పెరిగినప్పటి లెక్క కన్నా నయం.

చిత్తూరు వైపు పల్లెల్లో విందయితే సంగటి ఉంటుంది. రాగి కాబట్టి ఎంతైనా తినొచ్చని మావాళ్లు అంటారు. రాగిపిండికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, రెండూ 100 గ్రాములకు 300 పైనే. ముద్దలో నీళ్లుంటాయి కాబట్టి కొంత నయం, కానీ పక్కన ఊరిమిండి, అంటే చెనక్కాయల పచ్చడి, కూడా లెక్కలోకి రావాలి. గుప్పెడు చెనక్కాయలు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు.

వడ్డించే అత్తలతో జాగ్రత్త. ‘ఇంత నెయ్యి కూడా ఏసుకోకుంటే ఎట్టా నాయనా’ అంటూ అడిగేలోపే పోసేస్తారు. నోటితో వద్దంటే వినరు, గరిట కనపడగానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి.

షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ‘మధ్యాహ్నం పెళ్లి భోజనం ఉంది కదా’ అని పొద్దున టిఫిన్ మానేయొద్దు. పెళ్లిలో పంతి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలీదు, ఆలోపు చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. మరుసటి రోజు త్రాసు కిలో ఎక్కువ చూపిస్తే ఎవరూ కంగారు పడొద్దు, ఉప్పుకీ అన్నానికీ ఒంట్లో నిలిచిన నీళ్లే చాలావరకు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. పస్తులుండి దాన్ని సరిచేయాలని చూడకండి.

ఇక తాంబూలం సంచి. కొండమీద పెళ్లయితే అందులో లడ్డు ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద లడ్డు కాదు, మామూలుగా ఇచ్చేదే 175 గ్రాములు, శనగపిండి, చక్కెర, నెయ్యి, గ్రాముకు 4 వేసుకున్నా 700. ప్రసాదం వద్దనే ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు. ఇంటికొచ్చాక నాలుగు ముక్కలు చేసి పంచండి. నేను అలిపిరి దిగేలోపు కారులో కొంచెం కొంచెం గిల్లుకుంటూ మొత్తం తినేశా, ఆ రోజు లెక్కలో అది అసలు రాయనేలేదు.