రొమ్ములో గడ్డకు ముక్క పరీక్ష: ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి?

"మళ్లీ సూదా? ఇన్నిసార్లు గుచ్చితే అది ఒళ్లంతా పాకదా?" నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చిన మా పిన్ని అడిగిన మాట ఇది. పాకదు. ఈ భయంతో నెలలు గడిపేయకండి. మామోగ్రామ్, స్కానింగ్ అనుమానం వరకే చెబుతాయి. క్యాన్సర్ అవునా కాదా తేల్చేది ముక్క పరీక్షే.

ముందు ఏ పరీక్షో అడగండి. సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడి కణాలే వస్తాయి. క్యాన్సర్ పాలనాళాల్లోనే ఉందా, గోడ దాటిందా అన్నది దాంతో తెలియదు. అందుకు కాస్త లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ కావాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

ముక్క వేసే సీసా మీద కన్నేయండి. మత్తు సూది ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ ముక్కలు తీస్తారు. 'టప్' మని చప్పుడవుతుంది, ఉలిక్కిపడకండి. తెల్లటి దారప్పోగుల్లాంటి ఆ ముక్కలు వెంటనే ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో పడాలి. పిన్నికి ఊళ్లో తీసిన ముక్కను సెలైన్‌లో వేసిచ్చారు. చెన్నైలో అది పనికిరాదన్నారు. అందుకే రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. ఫార్మలిన్‌లోనైనా 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. సీసా మీ చేతికే ఇస్తే పేరు సరిచూసుకుని, ఆ రోజే ల్యాబ్‌లో ఇచ్చేయండి.

రిపోర్టులో మొదట రకం చూడండి. 'ఇన్ సైటు' అంటే నాళంలోనే ఉంది, 'ఇన్వేసివ్' అంటే దాటింది. తర్వాత గ్రేడ్. కణాల అమరిక, కేంద్రకాల రూపు, విభజన వేగం, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు వేస్తారు. మొత్తం 3-5 అయితే గ్రేడ్ 1, 6-7 అయితే 2, 8-9 అయితే 3. గ్రేడ్ 3ని మూడో స్టేజీ అనుకుని ఏడ్చినవాళ్లను చూశాను. రెండూ వేరు. స్టేజీ అంటే ఎంత దూరం పాకిందనేది.

ఇన్వేసివ్ అని వస్తే ఈఆర్, పీఆర్ (కణాల మీది హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (కణాల మీది ఒక ప్రొటీన్) ఫలితాలు కూడా రానివ్వండి, మందులు తేలేది వాటితోనే. ఈఆర్ 1 శాతం కణాల్లో ఉన్నా పాజిటివే, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రల దారి ఉన్నట్టే. హెర్2 3+ అయితే పాజిటివ్. 2+ అయితే ఎటూ తేలనట్టు, హెర్2 జన్యువును చూసే ఫిష్ పరీక్ష అడగండి. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగటివ్, దానికి కీమో ముఖ్యం.

1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అయినా, మరెక్కడైనా, రెండో అభిప్రాయానికి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లయిడ్లు, ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకులు ల్యాబ్‌లో అడిగి తీసుకోండి. ఎండ, వేడి తగలనివ్వకండి. పిన్ని బ్లాకులు ఇప్పటికీ ఆమె బీరువాలో, పట్టుచీరల పక్కనే ఉన్నాయి.