‘డూప్లికేట్ పంపారు’ అని కస్టమర్ కంప్లైంట్ పెడితే ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లకు రిటర్న్‌లు అలవాటే. రంగు నచ్చలేదంటారు, ఇంట్లో ఇంకోటి ఉందంటారు. కానీ రిటర్న్ కారణం దగ్గర ‘ఒరిజినల్ కాదు’ అని కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ఒక్క మాటకే లిస్టింగ్ (సైట్‌లో మీ సరుకు అమ్మే పేజీ) ఆగిపోవచ్చు, పేమెంట్ హోల్డ్‌లో పడొచ్చు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని మెమరీ కార్డులు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు ఆన్‌లైన్‌లో అమ్మే మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు సలహా అడగడానికి నాకు ఫోన్ చేసేసరికి చెయ్యకూడనివన్నీ చేసేసి ఉంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

దగ్గర ఉండాల్సినవి

సరుకు కొన్న ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ వీడియోలు, జీఎస్టీ పోర్టల్ లాగిన్, సీరియల్ నంబర్లు రాసిన నోట్‌బుక్. నోట్‌బుక్ అంటే నోట్‌బుక్కే, ఎక్సెల్ కాదు. ప్యాకింగ్ చేసే కుర్రాడు ప్రతి డబ్బాకీ లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లడు. ‘సాయంత్రం ఎక్కిస్తా అన్నా’ అంటాడు, ఆ సాయంత్రం రాదు. లాంగ్ సైజు రూళ్ల పుస్తకం టేపు పక్కనే పెట్టి, దారంతో ఒక పెన్ను కట్టేస్తే తేదీ, ఆర్డర్ నంబర్, సీరియల్ నంబర్ అక్కడికక్కడే పడతాయి.

కస్టమర్‌కి మొదటి జవాబు

ఈ-కామర్స్ నిబంధనలు (2020) ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నకిలీ సరుకైతే వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనే హక్కు అమ్మినవాడికి లేదు. కాబట్టి జవాబు పొట్టిగా ఇలా రాయండి: ‘మీ ఫిర్యాదు అందింది. ప్యాకెట్ ముందు, వెనక, సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటోలు పంపండి. సరుకు వెనక్కి తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు.’

ఇంకేమీ కలపకండి. ‘మాది పదేళ్ల వ్యాపారం సార్, మా దగ్గర డూప్లికేట్ ఉండదు’ లాంటివి అసలు వద్దు. వాట్సాప్‌లోకి రమ్మని పిలవకండి, మాట్లాడేదంతా మార్కెట్‌ప్లేస్ (అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి సైట్) మెసేజ్‌లలోనే ఉండాలి. ‘రివ్యూ తీసేస్తే డబ్బు వేస్తాను’ అని రాశారంటే అసలు కంప్లైంట్ కంటే పెద్ద కేసు మీరే తెచ్చుకున్నట్టు.

ఫిర్యాదు ఏ రకమో చూడాలి

డూప్లికేట్ అన్నవాళ్లందరిదీ ఒకే గొడవ కాదు. 128 జీబీ కార్డు కొని, కంప్యూటర్‌లో పెడితే 119 చూపిస్తోందని డూప్లికేట్ అంటారు. కంపెనీ వంద కోట్ల బైట్లను ఒక జీబీగా లెక్కేస్తుంది. విండోస్‌కి జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల చిల్లర బైట్లు. రెండు లెక్కలూ నిజమే, కార్డూ ఒరిజినలే. ఇది నాలుగు వాక్యాల్లో మర్యాదగా చెబితే చాలామంది కంప్లైంట్ వెనక్కి తీసుకుంటారు.

అసలైన నకిలీ కార్డు వేరేలా ఉంటుంది. లోపల 16 జీబీ చిప్పే ఉన్నా 128 అని చూపించేలా దాన్ని మార్చేస్తారు. 16 దాటేవరకు బాగానే పనిచేస్తుంది, ఆ తర్వాత ఎక్కించిన ఫొటోలు తెరుచుకోవు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. కార్డు నిండా డేటా రాసి, మళ్లీ చదివి, తేడా ఉంటే చెప్పేస్తాయి. పెద్ద కార్డుకి గంటలు పడుతుంది, పట్టనివ్వండి. చార్జర్లకైతే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడండి. ఏ కంపెనీ పేరు మీద ఉందో కనిపిస్తుంది.

ఇంకో రకం, సర్వీస్ సెంటర్ వారంటీ ఇవ్వనన్న సరుకు. వేరే దేశంలో అమ్మడానికి తయారైన ఒరిజినల్ ముక్క ఇక్కడికి వచ్చి ఉంటుంది. డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ లేకపోతే కస్టమర్ అనుమానపడటంలో తప్పేముంది? నకిలీ కాకపోయినా ఆ సరుకు అమ్మకండి.

రిటర్న్ ప్యాకెట్ తెరవడం

ఇది సులువే. పార్సిల్ లేబుల్ దగ్గర మొదలుపెట్టి, కట్ చేయకుండా ఒకే వీడియో తీయండి. సీరియల్ నంబర్‌ని నోట్‌బుక్‌తో పోల్చి చూపించండి. మీరు పంపింది కాకుండా వేరేది వస్తే నష్టపరిహారం కోసం అమెజాన్‌లో సేఫ్-టీ క్లెయిమ్, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్ క్లెయిమ్ గడువులోగా వేయండి.

మార్కెట్‌ప్లేస్‌కి సమాధానం: ఇక్కడే అందరూ మునుగుతారు

‘సరుకు ఎక్కడ కొన్నారో రుజువు చూపండి’ అని మెయిల్ వస్తుంది. చూడగానే టెన్షన్‌లో రాత్రికి రాత్రే ఏదో ఒకటి అప్‌లోడ్ చేస్తారు. చెయ్యకండి. మెయిల్‌లో గడువు ఎంత ఇచ్చారో చూసుకుని, తెల్లారాక కూర్చోండి. రాత్రి పది దాటాక రాసిన అప్పీల్ ఒక్కటీ బాగుండదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

అవతల చదివే మనిషికి మీ నిజాయితీతో పని లేదు. అతను చూసేది కాగితాల పొంతన. ఇన్వాయిస్ మీద కొన్నవారి పేరు, అడ్రస్ మీ సెల్లర్ అకౌంట్‌లో ఉన్నట్టే ఉండాలి. అకౌంట్‌లో విల్లివాక్కం గోడౌన్ అడ్రస్ పెట్టి, బిల్లులు కొలత్తూరు ఇంటి అడ్రస్‌కి తీసుకుంటే అక్కడే ఆపేస్తారు. అలాంటప్పుడు రెండు అడ్రస్‌లూ మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్నాయని సర్టిఫికెట్ జతచేసి, ఆ సంగతి ఒక వాక్యంలో ముందే చెప్పండి.

తర్వాత లెక్క. ఆ మోడల్ మీరు 200 అమ్మి, 60కే బిల్లు చూపిస్తే మిగతా 140 ఎక్కడివని అడుగుతారు. అమ్మినదానికి తగ్గకుండా కొన్న లెక్క కనిపించాలి, కొన్న తేదీ అమ్మిన తేదీకి ముందుండాలి. బిల్లులో ‘మెమరీ కార్డ్ – 100’ అని మాత్రమే ఉంటే చాలదు. కంపెనీ, మోడల్, కెపాసిటీ ఉండాలి. కొనేటప్పుడే కొట్లో నిలబడి అలా రాయించుకోవాలి, ఆర్నెల్ల తర్వాత వెళ్తే ఎవరూ రాసివ్వరు.

‘ఎస్టిమేట్’ అని పైన రాసిన చీటీని రుజువుగా పెట్టొద్దు. కొన్ని కొట్లలో ‘బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా’ అంటారు, మనవాళ్లు మిగిలిందనుకుని చీటీ తెచ్చుకుంటారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడికి ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా (అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) తిరిగొస్తుంది కదా, మిగిలిందేంటి?

అన్నిటికంటే గట్టి రుజువు జీఎస్టీఆర్-2బీ, అంటే మీరు కొన్న బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే పట్టిక. మీ సప్లయర్ తన జీఎస్టీ రిటర్న్‌లో ఆ బిల్లు చూపిస్తే, తర్వాతి నెల 14న అది మీ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఇన్వాయిస్ పీడీఎఫ్ ఎవరైనా చేసుకోవచ్చు, 2బీలో ఎంట్రీ మాత్రం అవతలివాడు వేయాల్సిందే. ఆ పేజీ డౌన్‌లోడ్ చేసి, సంబంధిత వరుసకు రంగు పూసి, ఇన్వాయిస్ పక్కన పెట్టండి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో పేమెంట్ వరుస కూడా జతచేయండి.

ధర చూపించడం ఇష్టం లేకపోతే ధర గడి ఒక్కటే కప్పొచ్చు, అదీ మార్కెట్‌ప్లేస్ వాళ్ల నిబంధన ఒప్పుకుంటేనే. తేదీ మార్చడం, పేరు సరిచేయడం, రెండు బిల్లులు కలిపి ఒకటి చేయడం మాత్రం వద్దు. వాళ్లు సప్లయర్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు. దిద్దిన బిల్లు దొరికిందంటే డూప్లికేట్ సంగతి పక్కకు పోయి ఫోర్జరీ సంగతి మొదలవుతుంది. అసలు సరుకు ఒరిజినలే అయినా ఇక ఎవరూ వినరు.

ఈ కాగితాలతో పాటు పంపే అప్పీల్ లేఖ ఒక పేజీ దాటకూడదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పటికే ఏం చేశారు, ఇకపై ఏం చేస్తారు. అంతే. యూట్యూబ్‌లో రెడీమేడ్ అప్పీల్ లెటర్లు అమ్మేవాళ్లున్నారు. డబ్బు తీసుకుని అందరికీ అవే పేరాలు ఇస్తారు, ఆ పేరాలు చదివేవాళ్లకి కంఠతా వచ్చేసి ఉంటాయి. మీ సరుకు మీకు తెలుసు, మీ మాటల్లోనే రాయండి. ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే చిన్న వాక్యాలు రాయండి, తప్పులున్నా ఫర్వాలేదు. కాగితాలకు 1, 2, 3 అని నంబర్లు వేసి, లేఖలో ఆ నంబర్లే చెప్పండి. ఒకసారి పంపాక జవాబు వచ్చేదాకా ఆగండి. రోజుకో అప్పీల్ పంపేవాళ్లు తమ మాటకి తామే అడ్డం తిరుగుతుంటారు.

నిజంగానే డూప్లికేట్ అని తేలితే

కస్టమర్‌కి మొత్తం డబ్బు వెంటనే ఇచ్చేయండి. ఆ లాట్‌లో మిగిలిన సరుకంతా లిస్టింగ్ నుంచి దించి, విడిగా ఒక అట్టపెట్టెలో సీల్ చేసి తేదీ రాయండి. కొట్టువాడు ‘తెచ్చిచ్చేయ్ తంబీ, మార్చిస్తా’ అన్నా అప్పుడే ఇవ్వకండి. మీ దగ్గర సాక్ష్యం అదే. ట్రేడ్‌మార్క్స్ చట్టం (1999) సెక్షన్ 104 కింద నకిలీ మార్కు సరుకు అమ్మితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, అనుమానించే కారణం లేదని నిరూపించుకుని, ఎవరి దగ్గర కొన్నాడో వివరాలన్నీ ఇచ్చినవాడికి అదే సెక్షన్ రక్షణ కూడా ఇస్తుంది. బిల్లు, సీల్ చేసిన పెట్టె అప్పుడు అక్కరకొస్తాయి. కంపెనీ నుంచి నోటీసు వస్తే మాత్రం మీరే జవాబు రాయకుండా వకీలు దగ్గరికి వెళ్లండి.

లిస్టింగ్ మళ్లీ తెరుచుకున్నాక పాత స్టాక్‌ని అందులో కలపకండి. కొత్త డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొత్త లాట్ తీసుకుని, అందులోంచి రెండు కార్డులు మీరే తెరిచి టెస్ట్ చేశాకే స్టాక్ ఎక్కించండి.